కొల్లేటి అంచు ఎక్కడ? ఐదో కాంటూరు, మూడో కాంటూరు గొడవ వెనక ఉన్న నీటి లెక్క

2024 ఆగస్టు 31 రాత్రి నుంచి బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్ మీద పడింది. మళ్లింపు కాలువ గట్లకు గండ్లు పడి, మేడల మొదటి అంతస్తుల దాకా నీరు నిలిచింది. ఊరు తేరుకుంటున్న రోజుల్లోనే ఆ నీరు దిగువకు పోయి కొల్లేటి లంకల్ని చుట్టుముట్టింది. కొల్లేటి మీది పెదయడ్లగాడి వంతెన దగ్గర నీటిమట్టం ఎంతన్నది పేపర్లలో రోజువారీ వార్త అయింది. మరుసటి ఏడాది, సుప్రీంకోర్టు తరఫున పనిచేసే కేంద్ర సాధికార కమిటీ కొల్లేటికి వచ్చింది. అప్పటి నుంచి ‘ఐదో కాంటూరు’, ‘మూడో కాంటూరు’ అన్న మాటలు మళ్లీ వినబడుతున్నాయి.

ఏలూరు, కైకలూరు, ఆకివీడు వైపు వాళ్లకు ఈ మాటలు కొత్త కావు. కొల్లేటి అభయారణ్యం హద్దు ఐదో కాంటూరు దగ్గరే ఉండాలా, మూడో కాంటూరుకు తగ్గించాలా అని కొల్లేటి చాంతాడులా ఏళ్ల తరబడి సాగుతున్న తగాదా ఇది. బయటివాళ్లకు మాత్రం పక్షులకూ మనుషులకూ మధ్య పేచీలా, లేకపోతే చేపల చెరువుల వాళ్లకూ అటవీశాఖకూ మధ్య పేచీలా కనబడుతుంది. రెండూ ఇందులో ఉన్నాయి. కానీ వాటికి అడుగున ఇంకో ప్రశ్న ఉంది. చిన్న ఏళ్లు ఒక్కసారిగా పొంగినప్పుడు ఆ నీరు ఎక్కడ ఆగాలి? ఆ జాగా ఎంత, అది ఎవరిది? కాంటూరు గొడవంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

కాంటూరు అంటే ఏమిటి, రెండడుగులకు అంత తేడా ఎందుకు

సముద్రమట్టాన్ని సున్నా అనుకోండి. దానికి సరిగ్గా ఐదడుగుల ఎత్తున ఉన్న నేల బిందువులన్నిటినీ కలుపుతూ పటం మీద గీసిన గీత +5 కాంటూరు. మూడడుగుల ఎత్తువాటిని కలిపితే +3. కొల్లేరు గిన్నెలా కాదు, పళ్లెంలా ఉంటుంది. గిన్నెలో నీరు పెరిగితే లోతు పెరుగుతుంది, పళ్లెంలో అయితే వెడల్పు పెరుగుతుంది. అందుకే రెండడుగుల ఎత్తుకే ఇన్నేళ్లుగా కోర్టులు, తీర్మానాలు.

అంకెల్లో చూద్దాం. నీరు +3 దగ్గర ఉంటే కొల్లేటి విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు. +5కు చేరితే 245. +10కు చేరితే 901. మనిషి మోకాలి పైదాకా నీరు పెరిగేసరికి 110 చదరపు కిలోమీటర్ల నేల, అంటే సుమారు 27 వేల ఎకరాలు, నీటి కిందికి వెళ్తుంది.

మరి వీటిలో అసలు కొల్లేరు ఏది? మూడూ. మే నెలలో చూసినవాడికి నడిమధ్య గుంటల్లో నీరు, చుట్టూ నెర్రెలిచ్చిన నేల, కిక్కిస పొదలు కనబడతాయి. సెప్టెంబరులో అదే చోట నిలబడితే కనుచూపు మేర నీరే. ఇలాంటి చోటును చెరువులా ఊహించుకుంటే లెక్క తప్పుతుంది. చెరువుకు గట్టుంటుంది. వరద మైదానానికి గట్టు ఉండదు, ఏడాదిలో నెలనెలా జరుగుతూ ఉండే అంచు మాత్రమే ఉంటుంది.

1999లో ప్రభుత్వం వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది +5 కాంటూరు దాకా ఉన్న ప్రాంతాన్ని. నోటిఫికేషన్ ప్రకారం అది 308 చదరపు కిలోమీటర్లు, 77 వేల ఎకరాలకు పైగా. 2002లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా జాబితాకెక్కింది 901 చదరపు కిలోమీటర్లు, అంటే +10 దాకా. వార్తల్లో కొల్లేటి వైశాల్యం ఒక్కోసారి ఒక్కోలా కనిపించడానికి ఇదే కారణం. అంకె చెప్పేవారు ఏ కాంటూరు గురించి మాట్లాడుతున్నారో ముందు చూసుకోవాలి. ఒకే +5కు కూడా నోటిఫికేషన్ అంకె (308), నీటి విస్తీర్ణం అంకె (245) వేరు. ఈ వ్యాసంలో నీటి లెక్కలకు వాడుతున్నది 135, 245, 901 వరస.

రెండు పెద్ద నదుల మధ్య పల్లం, అందులోకి దిగే చిన్న ఏళ్లు

కొల్లేటికి అటు గోదావరి, ఇటు కృష్ణ ఉన్నా ఆ రెండూ ఇందులోకి పారవు. వేల ఏళ్లుగా రెండు నదులూ తెచ్చి పోసిన ఒండ్రుతో రెండు డెల్టాలూ సముద్రంలోకి పెరుగుతూ పోయాయి. వాటి మధ్య మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. ఒకప్పుడు అది సముద్రానికి ఆనుకున్న ఉప్పునీటి కయ్య. తీరం తూర్పుకు జరిగే కొద్దీ లోపలే చిక్కుబడి మంచినీటి సరస్సయింది. సముద్రంతో పాత చుట్టరికం ఇప్పటికీ ఉప్పుటేరు రూపంలో మిగిలే ఉంది. సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరుగుతూ పోయి బంగాళాఖాతంలో కలిసే ఆ ఏరొక్కటే కొల్లేటికి బయటి దారి.

లోపలికి వచ్చే దారులు మాత్రం చాలా ఉన్నాయి. మైలవరం కొండల వైపు నుంచి బుడమేరు, ఖమ్మం వైపు మెట్ట నుంచి తమ్మిలేరు, వీటితోపాటు రామిలేరు, గుండేరు, ఆపైన డెల్టా పొలాల మురుగు మోసే డ్రెయిన్లు. అన్నీ కలిపి అరవైకి పైనే. ఈ ఏళ్లు పొడవులో చిన్నవి, వాలులో నిటారువి. పది నెలలు కాలు తడవనంత నీటితో ఉండి, మెట్టలో ఒక్క రాత్రి కుంభవృష్టి పడితే తెల్లారేసరికి నదులైపోతాయి. గోదావరి వరద భద్రాచలం నుంచి ధవళేశ్వరం చేరేలోపు హెచ్చరికకు వ్యవధి ఉంటుంది. బుడమేరు, తమ్మిలేరు అంత వ్యవధి ఇవ్వవు. మొత్తం 4,763 చదరపు కిలోమీటర్ల పరీవాహకంలో పడిన వాన ఈ పళ్లెంలోకి దిగుతుంది. అందులో డెబ్భై శాతం మెట్ట ప్రాంతమే.

ఈ నీటికి చరిత్రలోనూ చోటుంది. రెండో పులకేశి విజయాలను వర్ణించే ఏడో శతాబ్దపు ఐహోళె శాసనం, యుద్ధంలో నెత్తుటితో ఎర్రబడిన ‘కునాల’ జలాల గురించి చెబుతుంది. అది కొల్లేరేనని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. వేంగి రాజధాని పెదవేగి ఇక్కడికి ఎంతో దూరం లేదు. చుట్టూ నీరున్న లంక అంటే ఆ రోజుల్లో కోటకు కావలసిన రక్షణ ఉన్నట్టే. కొల్లేటికోట పేరులో ఆ జ్ఞాపకం ఇంకా ఉంది.

ఆనకట్టల నుంచి చేపల చెరువుల దాకా

కొల్లేటిని మొదట మార్చింది చేపల చెరువులు కాదు, వరి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. అంతకుముందు వానలకు నిండి ఎండలకు ఇంకే కొల్లేటికి, ఆ తర్వాత కాలువల కింద సాగయ్యే పొలాల మురుగు నీరు కూడా తోడైంది. నీటితోపాటు మట్టి వచ్చింది. అయినా బతుకుతెరువు రుతువుతో పాటే నడిచింది. నీరున్నన్నాళ్లూ తాటిదోనెల మీద వలలు, మావులు (చేపలు పట్టే బోనులు). నీరు తీశాక తేమ నేలలో దాళ్వా వరి. వడ్డి కులస్థులు చేపల మీద, మిగతావారు సేద్యం మీద బతికారు. వరదకు పంట పోతే చేప మిగిలేది, ఎండకు చేప పోతే పంట మిగిలేది.

1960ల వరదల్లో, తుపానుల్లో దాళ్వా పంటలు వరసగా పోయాయి. 1970ల మధ్యలో ప్రభుత్వమే మత్స్యకార సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. ఈ మాట చాలా చర్చల్లో మరుగున పడుతోంది. లంకల్లో చెరువు గట్టు మొదట లేచింది ఆక్రమణగా కాదు, సర్కారు పథకంగా. బొచ్చె, శీలావతి బాగా పెరిగాయి. కోల్‌కతా మార్కెట్ దారి తెరుచుకుంది. 1980లు, 90లలో పెట్టుబడి ఉన్నవారు సంఘాల చెరువుల్ని లీజుకు తీసుకున్నారు, కొత్తవి తవ్వారు. వంద ఎకరాల చెరువులు మామూలైపోయాయి. మత్స్యకారుల్లో చాలామంది తమ పేరున ఉన్న చెరువు మీదే కూలీలయ్యారు, కాపలాదారులయ్యారు.

1999 నోటిఫికేషన్ అభయారణ్యం లోపల చెరువుల్లో చేపల పెంపకాన్ని నిషేధించింది. వలలతో, మావులతో చేసే సంప్రదాయ వేటను, రసాయనాలు లేని సంప్రదాయ సేద్యాన్ని అనుమతించింది. 2006 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కేంద్ర సాధికార కమిటీ సిఫారసులను ఆమోదించడంతో ‘ఆపరేషన్ కొల్లేరు’ ఊపందుకుంది. +5 లోపలి చెరువుల గట్లను పొక్లెయిన్లతో తెగ్గొట్టారు.

ఇక్కడొక సాంకేతిక లోపం చెప్పుకోవాలి. గట్టుకు గండి కొట్టడం వేరు, గట్టును తీసేయడం వేరు. ఎనిమిది, పది అడుగుల ఎత్తున్న గట్టుకు రెండు చోట్ల గండి కొట్టినా మిగతా మట్టి అక్కడే ఉంటుంది. వరద ఆ గండ్లలోంచే దూరాలి కాబట్టి వేగం తగ్గి, వెంట తెచ్చిన బురదను లోపల వదిలేస్తుంది. గుర్రపుడెక్క ఆ మూలల్లోనే పేరుకుంటుంది. కాలక్రమంలో గండి కొంత దానంతటదే పూడుతుంది. ఆ తర్వాత ఒక యంత్రం ఒక్క రాత్రి పనిచేస్తే చెరువు మళ్లీ సిద్ధం.

రెండడుగుల్లో ఎన్ని టీఎంసీలు: ఒక లెక్క

గట్లు వరదను ఎలా మారుస్తాయో అంకెలతో చూస్తేనే తెలుస్తుంది. ముందు మూడు కొలతలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. సుమారు 11,600 క్యూసెక్కుల ప్రవాహం రోజంతా సాగితే ఒక టీఎంసీ. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక అడుగు నీరు నిలిస్తే 1.076 కోట్ల ఘనపుటడుగులు.

+3 నుంచి +5 దాకా విస్తీర్ణం 135 నుంచి 245కు పెరుగుతుంది, సగటు 190. రెండడుగులకు లెక్కిస్తే ఆ మధ్యలో పట్టే నీరు సుమారు 4.1 టీఎంసీలు.

ఇప్పుడు ఒక వరద ఊహించండి. ఏళ్లు, డ్రెయిన్లు అన్నీ కలిసి 40 వేల క్యూసెక్కులు తెస్తున్నాయి, ఉప్పుటేరు 10 వేలు బయటికి లాగుతోంది. మిగిలే 30 వేలు రోజుకు 2.6 టీఎంసీలు. మొదట నీరు +3 దగ్గర ఉంటే +5 చేరడానికి దాదాపు 38 గంటలు. ఈలోపు వాన తెరిపిస్తే పైన ఊళ్లకు ముప్పు లేదు.

అదే వరద, కానీ +3, +5 మధ్య 110 చదరపు కిలోమీటర్లూ తెగని గట్ల చెరువులే అనుకోండి. చెరువులు ముందే నిండి ఉన్నాయి, కాబట్టి కొత్త నీటికి అక్కడ జాగా లేదు. అదే 38 గంటల్లో వచ్చిన అదే 4.1 టీఎంసీలు 135 చదరపు కిలోమీటర్లలోనే నిలువుగా లేవాలి. +5 చేరేసరికి 2.9 టీఎంసీలే పడతాయి. మిగతా 1.2 టీఎంసీలు +5 దాటి బయటికి పరుచుకుంటాయి. ఆ పైన నేల ఒక్క అడుగు ఎత్తుకు సగటున 131 చదరపు కిలోమీటర్ల చొప్పున విస్తరిస్తుంది. అలా లెక్కిస్తే నీరు +5 కంటే ఏడెనిమిది అంగుళాలు పైకి వెళ్లి ఆగుతుంది.

ఏడెనిమిది అంగుళాలంటే జానెడు. కానీ ఆ జానెడు ఎత్తున కొత్తగా మునిగేది 80 చదరపు కిలోమీటర్లు, సుమారు 20 వేల ఎకరాలు. అవి అభయారణ్యం బయట ఉన్న వరిచేలు, ఊళ్ల శివార్లు, రోడ్లు.

ఇది కాగితం మీది లెక్క. నిజంలో గట్లన్నీ నిలబడవు, కొన్ని వరదకే తెగుతాయి. నీటిమట్టం పెరిగితే ఉప్పుటేరు కొంచెం ఎక్కువే లాగుతుంది. సముద్రం పోటు మీద ఉంటే తక్కువ లాగుతుంది. నేల అన్నిచోట్లా ఒకే వాలుగా ఉండదు. కాబట్టి 20 వేలను జోస్యంగా తీసుకోకూడదు. దిశ మాత్రం మారదు. పళ్లెం అంచును మూసేస్తే నీరు మాయం కాదు, అప్పటిదాకా మునగనివారి మీదికి వెళ్తుంది.

చెరువుల వాళ్లు ఒక మాట అంటారు: ‘మా చెరువుల్లోనూ నీరే కదా ఉంది, అవీ నిల్వే కదా’. వేసవిలో అది నిజమే, భూగర్భజలానికి ఆ నీరు పనికొస్తుంది కూడా. వరద రోజున మాత్రం పనికొచ్చేది నిండిన జాగా కాదు, ఖాళీ జాగా. నిండు కుండ మీద బోర్లించిన చెంబుడు నీళ్లు నేల పాలే.

రెండో చిక్కు దారిది. గట్ల మధ్య వదిలిన బాటలు సన్నగా ఉంటే లోపలికి వచ్చిన నీరు ఉప్పుటేటి మూతి దాకా చేరడానికే రోజులు పడుతుంది. అందుకే ఒక్కోసారి ఎగువ వైపు లంకల్లో ఇళ్లలోకి నీరొచ్చిన వేళకు దిగువన ఉప్పుటేరు ఇంకా నిండా పారుతూ ఉండదు. ఉప్పుటేటి వంకరలు సరిచేయడం, పూడిక తీయడం, అడ్డంగా కట్టిన వలకట్లు తొలగించడం అన్న మాట ప్రతి వరద తర్వాతా వచ్చేది ఇందుకే. అయితే ఉప్పుటేటిని బాగా తవ్వితే ఇంకో సమస్య లేస్తుంది. వేసవిలో కొల్లేటి మట్టం తగ్గినప్పుడు పోటు నీరు అదే దారిలో లోపలికెక్కి ఉప్పు తెస్తుంది. ఆ ఉప్పును ఆపడానికి రెగ్యులేటర్లు కట్టాలన్న ప్రతిపాదనలున్నాయి. రెగ్యులేటరు కడితే మంచినీరు నిలుస్తుంది, కానీ సముద్రం నుంచి ఎదురెక్కి వచ్చే చేపలకు, రొయ్యలకు దారి మూసుకుపోతుంది. తలుపులు సమయానికి ఎత్తకపోతే వరదకూ అడ్డే.

పక్షికి కావలసింది నీరు కాదు, లోతు

‘చెరువుల్లోనూ పక్షులు వాలుతున్నాయి కదా’ అన్న ప్రశ్న న్యాయమైనదే. జవాబు లోతులో ఉంది.

వరద మైదానం అంచున నేల చాలా మెల్లగా దిగుతుంది. అలా దిగే చోట నడిచి చూస్తే కొద్ది దూరంలోనే నాలుగు రకాల మేతబీళ్లు కనబడతాయి. అంగుళం నీరున్న బురదలో ఉల్లంకులు ముక్కుతో పురుగులు తవ్వుకుంటాయి. జానెడు లోతులో సూదితోక బాతులు తోక పైకెత్తి తల ముంచి గడ్డిగింజలు, దుంపలు వెతుకుతాయి. తెడ్డుమూతి కొంగ ముక్కును అటూ ఇటూ ఊపుతూ పోయేదీ ఆ లోతులోనే. మోకాలి లోతులో నత్తగుల్ల కొంగ, ఎర్రకాళ్ల కొంగ. ఆ పక్కనే జమ్ము, కిక్కిస పొదల్లో గూడు కట్టే ఊదారంగు నీటికోడి. నడుము లోతు దాటాక నీటికాకులు, గూడబాతులు. నీరు తగ్గుతున్న కొద్దీ ఈ వరసంతా లోపలికి జరుగుతుంది. నవంబరులో పక్షులున్న చోట ఫిబ్రవరిలో గడ్డి మొలుస్తుంది.

చేపల చెరువులో ఈ వాలు ఉండదు. గట్టు నిటారుగా దిగుతుంది, వెంటనే ఐదారడుగుల లోతు, ఏడాది పొడవునా అదే మట్టం. మునిగి చేప పట్టే నీటికాకికి, ఈదుతూ ముక్కుతో పట్టే గూడబాతుకు అది నిండు విస్తరి. బురదలో నిలబడి మేసే పిట్టకు, పొదల్లో గూడు కట్టే కోడికి అక్కడ ఏమీ లేదు. అంటే చెరువులొస్తే పక్షులన్నీ పోతాయన్నదీ సరికాదు, చెరువులున్నా పక్షులకేమీ కాదన్నదీ సరికాదు. కొన్ని జాతులు పెరుగుతాయి, కొన్ని కనుమరుగవుతాయి. లెక్కల్లో మొత్తం సంఖ్య ఒక్కటే చూస్తే ఈ మార్పు దొరకదు.

గూడబాతు కథే దీనికి మంచి ఉదాహరణ. 1940లలో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో చెట్ల మీద గూడబాతుల పెద్ద గూళ్ల స్థావరాన్ని చూసి 1949లో వివరంగా రాశారు. 1970లు వచ్చేసరికి ఆ స్థావరం ఖాళీ అయింది. తర్వాత ఎన్నో ఏళ్లకు గూడబాతులు మళ్లీ కొల్లేటి పక్కన గూళ్లు కట్టింది కైకలూరు దగ్గర ఆటపాకలో. అది గట్టున్న చెరువు. నీటిలో నిలిచిన చెట్లు మునకకు, రెట్టల ఘాటుకు ఎండిపోతుంటే అటవీశాఖ ఇనుప స్టాండ్లు నాటింది. పొడుగాటి ఇనుప గొట్టాల మీద అంతస్తులుగా అమర్చిన చట్రాలు, వాటి మీద పుల్లలు పేర్చుకున్న గూళ్లు, ఒక్కో చట్రం మీద పక్కపక్కనే కూర్చున్న తల్లులు. అవి పిల్లలకు తెచ్చే చేపల్లో చాలా భాగం చుట్టుపక్కల పెంపకం చెరువులవే.

గూడబాతుకు చెరువులు మేలు చేశాయనడానికి ఇది గట్టి సాక్ష్యం. అదే సమయంలో, అడవి చెట్టు మీద, వరద నీటి చేప మీద బతికిన పక్షి ఇప్పుడు ఇనుప స్టాండుకూ పరాయి చెరువుకూ కట్టుబడి ఉందన్నదానికీ ఇదే సాక్ష్యం. చెరువుల్లో ఏదైనా రోగమో విషమో వస్తే దెబ్బ ఒకేసారి స్థావరం మొత్తం మీద పడుతుంది.

చేపల సంగతీ ఇలాంటిదే. కొర్రమీను, వాలుగ, జెల్ల, గొరక లాంటి నాటు చేపలు తొలకరి నీరు గడ్డి మీదికి పాకినప్పుడు ఆ పలుచని, వెచ్చని నీటిలోకి వచ్చి గుడ్లు పెడతాయి. పిల్లలు గడ్డి చాటున పెరిగి, నీరు తీసే వేళకు లోతుకు దిగుతాయి. +3 నుంచి +5 దాకా ఉన్న ఆ రెండడుగుల మెట్టే వాటి పురిటిగది. అది గట్ల వెనక ఉంటే, నడిమధ్య ఎంత నీరున్నా వలలో పడే నాటు చేప తగ్గుతుంది. సంప్రదాయ వేట మీద బతికేవారికి జరిగిన నష్టంలో ఈ భాగం గురించి మాట్లాడేవారు తక్కువ.

నీటి నాణ్యతదీ ఒక పాత్ర ఉంది. చెరువుల్లో వేసే కోళ్ల పెంట, తవుడు, యూరియా, సూపర్ ఫాస్ఫేటు చేపకు మేత పెంచుతాయి. పట్టుబడి అయ్యాక చెరువు దించినప్పుడు ఆ పచ్చని నీరంతా కొల్లేట్లోకి వస్తుంది. కానీ అదొక్కటే కాదు. విజయవాడ, ఏలూరు మురుగు, పైన ఫ్యాక్టరీల వ్యర్థాలు, డెల్టా పొలాల పురుగుమందులు అదే దారిలో వస్తాయి. గుర్రపుడెక్క అంతగా విస్తరించడానికి ఈ పోషకాలన్నీ కలిసి కారణం. నిందంతా చెరువుల మీదే వేస్తే సగం సమస్య అలాగే ఉండిపోతుంది.

+3 అడిగేవారి మాట, +5 నిలపాలనేవారి మాట

2008లో రాష్ట్ర అసెంబ్లీ అభయారణ్యాన్ని +3కు కుదించాలని తీర్మానించింది. అలా చేస్తే రక్షిత ప్రాంతం సగానికి పైగా తగ్గుతుంది.

ఆ కోరిక వెనక ఉన్న వాదన బలమైనదే. నోటిఫై అయిన భూమిలో సుమారు 15 వేల ఎకరాలు జిరాయితీ, అంటే పట్టా ఉన్న సొంత భూమి. మరో ఐదు వేలకు పైగా ఎకరాలు పేదలకు సర్కారే ఇచ్చిన డి-ఫారం పట్టాలు. ఆ రైతు చేతిలో పాస్‌బుక్ ఉంది, కానీ చెరువు తవ్వకూడదు, రసాయనం వేయకూడదు. ఏడాదిలో సగం నీటిలో ఉండే నేలలో మరేం పండించాలి? బ్యాంకులో తాకట్టుకు ఆ భూమి పనికిరాదు. భూసేకరణ చేసి పరిహారం ఇవ్వలేదు, వాడుకోనివ్వనూ లేదు. నలభైకి పైగా లంకగ్రామాలున్నాయి, వాటికి వేరే భూమి లేదు. 2006లో గట్లు తెగినప్పుడు పెద్ద పెట్టుబడిదారు మరో చోటికి పోయాడు, చిన్నవాడు అక్కడే మిగిలాడు.

+5 నిలపాలనేవారిలో పర్యావరణవాదులు మాత్రమే లేరు. సాగునీటి ఇంజనీర్లు, +5 బయట వరి వేసే డెల్టా రైతులు కూడా ఉన్నారు. పైన చెప్పిన నీటి లెక్కే వారి వాదన. వారికి ఇంకో భయమూ ఉంది. నేడు హద్దును +3కు తగ్గిస్తే +3, +5 మధ్య చెరువులు చట్టబద్ధమవుతాయి, ఆ తర్వాత గట్టు తెగ్గొట్టే అధికారం ఎవరికీ ఉండదు.

కేంద్రం నియమించిన, సలీం అలీ పక్షిశాస్త్ర కేంద్రానికి చెందిన పి.ఎ. అజీజ్ నేతృత్వంలోని కమిటీ 2011 నాటికి ఈ రెండు వాదనలూ చూసి +3కు కుదించడాన్ని ఒప్పుకోలేదు. సొంత భూములున్నవారికి న్యాయం చేయాలని మాత్రం చెప్పింది. ఈ రెండో ముక్క అమలు కాకపోవడమే ఆ తర్వాతి గొడవకు సగం కారణమని నా అభిప్రాయం. వరద జాగాను ఊరందరి మేలు కోసం ఖాళీగా ఉంచాలంటే దాని ఖరీదు ఊరందరూ మోయాలి, ఆ గీత లోపల పడ్డ కుటుంబాలు మాత్రమే కాదు.

తీర్మానం చేస్తే గీత జరుగుతుందా?

జరగదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యం హద్దు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు కావాలి. ఆపైన, ఏ అభయారణ్యాన్నీ తన అనుమతి లేకుండా డీనోటిఫై చేయకూడదని 2000లో సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. అసెంబ్లీ తీర్మానం ఒక అభ్యర్థన మాత్రమే. రామ్‌సార్ గుర్తింపు దేశం ఇచ్చిన మాట కింద లెక్క, అయితే ఆ గుర్తింపు ఉన్న చోట్లకు 2017 నాటి కేంద్ర చిత్తడి నేలల నిబంధనలు కూడా వర్తిస్తాయి. అభయారణ్యం లోపల ఏం చేయవచ్చో ప్రధానంగా తేల్చేది దాని నోటిఫికేషన్.

మధ్యేమార్గంగా వినబడే సూచనలు కొన్ని ఉన్నాయి. జిరాయితీ భూములను ప్రభుత్వం కొనడం, లేదా ఏటా కౌలు లాంటి పరిహారం ఇచ్చి ఆ భూమిని వరదకు వదిలేలా చూడటం, లేదా సర్కారు భూమిలోని చెరువుల్ని ముందు పూర్తిగా, అంటే మట్టితో సహా, తొలగించి జిరాయితీ సంగతి తర్వాత తేల్చడం. ప్రతిదానికీ ఖర్చుంది. మూడోది పటం మీద తేలిక, నేల మీద కష్టం. సర్కారు భూమి, పట్టా భూమి ఒకే గట్టు లోపల కలిసి ఉన్న చెరువులు చాలా ఉన్నాయి.

హద్దురాయి వేయబోతే వచ్చే చిక్కు

ఏ పరిష్కారానికైనా మొదట +5 ఎక్కడుందో నేల మీద గుర్తించాలి. ఇక్కడే కొలతల వాళ్లకు తల తిరిగే సమస్య ఉంది. 1850ల నుంచి డ్రెయిన్లు తెచ్చిన మట్టితో కొల్లేటి అడుగు లేస్తూనే ఉంది. చెరువు తవ్విన మట్టితో పోసిన గట్టు పైభాగం +5 కంటే చాలా ఎత్తు. ఇళ్ల కోసం, రోడ్ల కోసం మెరక చేసిన చోట్లూ అంతే. ఈరోజు పరికరం పెట్టి ఎత్తు కొలిస్తే, పూడినవీ పూడ్చినవీ అన్నీ ‘+5 పైన’ అని తేలతాయి. గట్టు పోసినవాడి భూమి కొలతలోనే అభయారణ్యం బయటికి నడిచి వెళ్తుంది. పక్కనే గట్టు లేని పేదవాడి పల్లపు నేల లోపలే ఉండిపోతుంది. పాత పటాల ప్రకారం పోతే, ఇప్పుడు నిజంగా మెరకలో ఉన్న ఇల్లు కూడా గీత లోపల పడుతుంది.

అందుకే హద్దురాళ్ల పనిలో తేలాల్సిన మొదటి ప్రశ్న ఇది: ఎత్తు కొలిచేది ఏ సంవత్సరపు నేలకు, గట్టు మట్టి తీశాకా, తీయకముందా? సర్వే నివేదిక చూసేవారు మొత్తం ఎకరాల అంకె కంటే ముందు ఈ ప్రశ్నకు జవాబు వెతకాలి. నీటి లెక్కలో ఆ 110 చదరపు కిలోమీటర్లు ఉంటాయా పోతాయా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది.